రెండు కొబ్బరిచెట్ల లెక్క

“ముందు రెండు ఎత్తులూ కూడెయ్. ఆ తర్వాత వర్గమూలం కట్టు. వచ్చినదాన్ని ఒకటి పాయింట్ రెండు మూడుతో గుణించు,” అంది ఝాన్సీ.

ఉదయ్ పెన్ను ఆగింది.

“కూడడమాండీ? రేడియో స్టేషన్ ఇక్కడ, విమానం అక్కడ కదండీ?”

“రెండు కొబ్బరిచెట్లనుకో. ఒకదాని మీద ఒకటి నిలబెట్టు. ఆ పై మొవ్వులో కూర్చుంటే ఎంత దూరం కనిపిస్తుందో సిగ్నల్ కూడా అంతవరకే. భూమి వంపు దాటి రాదు.”

అబద్ధం. చెట్లు ఎదురెదురుగానే ఉండాలి. ఒక్కోదాని ఎత్తుకీ విడిగా వర్గమూలం కట్టి, అప్పుడు కలపాలి. కొత్తపేటలో కాలేజీ పిల్లలకి ఫిజిక్స్ చెప్పే ఝాన్సీకి అది తెలియక కాదు.

స్టేషన్ ఎత్తు వంద అడుగులు, విమానం ఎత్తు రెండువేల అయిదు వందలు. సిగ్నల్ డెబ్భై నాలుగు నాటికల్ మైళ్ళ దాకా అందాలి. ఉదయ్ లెక్క అరవై మూడు దగ్గర ఆగింది.

“కరెక్ట్,” అంది ఝాన్సీ.

అతను ఆమె ముఖంలోకి ఒక క్షణం చూసి, “ఆయ్,” అని తలవంచుకున్నాడు.

“ఏదీ, నాకోసారి అప్పజెప్పరా!” తల్లి ఉమామహేశ్వరి కుర్చీ ముందుకి జరుపుకుంది. రోజూ ఇదే తంతు. ఫ్లయింగ్ క్లబ్బులో నోటి పరీక్ష రెండుసార్లు పోయింది. మూడోదీ పోతే ఇంటికి పంపేస్తారు. అక్కడి మొదటి ప్రశ్న ఎప్పుడూ ఇదేనట, తప్పితే రెండో ప్రశ్న ఉండదట.

“ముందు పెట్టిన మాస్టారు, ‘వీడికన్నీ వచ్చండీ, కావాలనే చెప్పట్లేదు’ అన్నాడమ్మాయ్! తనకి చెప్పడం చేతకాక! అందుకే ఈసారి నేనే దగ్గర కూర్చుంటున్నా. ఊళ్ళో ఫిజిక్సంటే నువ్వేనట.”

ఝాన్సీ పుస్తకంలో పేజీ తిప్పింది.

ఉదయ్‌కి క్లబ్బులో సీటొచ్చినప్పుడు ఈ ఇంట్లోనే విందు. అంగన్‌వాడీ టీచరైన ఝాన్సీ తల్లి సత్తెమ్మ, పిలిచారు కదా అని మొదటి బంతిలో కూర్చుంది. ముద్ద కలిపాక ఉమామహేశ్వరి వచ్చి, “మీవాళ్ళకి వెనకాల వేరే వేయించేను, లే,” అంది. సత్తెమ్మ ఎంగిలి చేత్తోనే బజారంతా నడిచి ఇంటికొచ్చింది.

“ఆ గుమ్మం ఎలా ఎక్కుతున్నావే?” పాఠం చెప్పి ఇంటికొచ్చిన ఝాన్సీని అడిగింది సత్తెమ్మ.

“ఆవిణ్ణి దింపడానికి.”

“పాపం, ఆ కుర్రాడేం చేశాడు?”

“ఏం చెయ్యలేదు. సాంబారు బకెట్టు పట్టుకుని చూస్తూ నిలబడ్డాడు. అదే చేశాడు.”

ఉదయ్ పరీక్ష తప్పాడు.

సెంటర్లో కట్టిన ‘కాబోయే పైలట్’ ఫ్లెక్సీని ఉమామహేశ్వరి స్వయంగా వచ్చి విప్పించింది. “నాకు పొల్లుపోకుండా అప్పజెప్పేడండీ! ఆ అడిగినవాడికే రాదు!” అని కనిపించినవాళ్ళందరికీ చెప్పింది. అందరూ “ఆయ్, ఆయ్” అని, ఆవిడ అటు తిరగగానే నవ్వుకున్నారు. చుట్టిన ఫ్లెక్సీ చంకలో పెట్టుకుని ఆవిడ తలొంచుకుని బజారంతా నడిచింది. ఝాన్సీ చివరిదాకా నిలబడి చూసింది. ఆ రాత్రి కడుపునిండా తింది.

వారం తర్వాత బస్టాపులో ఉదయ్ ఎదురయ్యాడు, చేతిలో బ్యాగుతో.

“దిండి వెళ్తున్నానండి. హౌస్‌బోటు మీద పని. అమ్మ ఒప్పుకుంది. నా తప్పేం లేదని తనకి తెలుసు కదండీ, తనే అప్పజెప్పించుకుంది.”

“ఉదయ్, ఆ లెక్క...”

“చెట్లు ఎదురెదురుగా ఉండాలండి. మొదటిరోజే తెలుసు.” అతను నవ్వాడు. “పైకెళ్తే నాకు కాళ్ళు వణుకుతాయి మేడమ్. చెబితే అమ్మ వినదు. సరిగ్గా చెప్పే మాస్టారొస్తే మళ్ళీ దొరికిపోతాను. మీ అమ్మగారు విందులోంచి లేచెళ్ళడం చూశాను కదండీ.”

బస్సు వచ్చి ఆగింది. అతను ఫుట్‌బోర్డు ఎక్కి వెనక్కి తిరిగాడు.

“అమ్మకి మీ పేరు చెప్పింది నేనేనండి.”