ఏడుపు వంతు

క్యాన్సర్ వార్డు గదిలో కీమో ఎక్కించుకుంటున్న పెద్దావిడ పక్కన కౌన్సెలర్ అమ్మాయి కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఏడుపొస్తే ఆపుకోకండి. మనసు తేలికపడుతుంది.”

“నాకు వంతు రావాలి కదమ్మా. నన్ను చూడ్డానికొచ్చి పొద్దున మా ఆడపడుచు ఏడిస్తే నేనే ఓదార్చాను. తర్వాత మా అల్లుడు. ఎక్కిళ్లు ఆగకపోతే నా మంచినీళ్లే తాగించాను. ఇక మా ఆయన సంగతి సరేసరి.”

అమ్మాయి లేచి, మంచానికి అవతల కళ్లొత్తుకుంటున్న ఆయన్ని బయట కూర్చోబెట్టి తలుపేసింది.

పెద్దావిడ అనుమానంగా చూసింది. “నువ్వు ఏడవవు కదా?”

“ఏడవనండి.”

“ఒట్టు?”

“ఒట్టు.”

అప్పుడు మొదలుపెట్టింది. కొంగు తడిసింది, దిండు తడిసింది.

ఎవరో తలుపు తట్టారు. “ఏమేవ్, నేను లోపలికి రానా?” ఆయన గొంతు అప్పటికే వణుకుతోంది.

పెద్దావిడ ముక్కు తుడుచుకుంది. “కాసేపు ఆగండి. నా వంతు ఇంకా అవలేదు.”