సున్నం గీత

హైవే మీద పోవలసిన స్కూలు బస్సు సముద్రం వైపు దూసుకురావడం దేముడమ్మ డాబా మీంచి చూసింది. ఆ బస్సులోనే ఆమె ఏడేళ్ళ కూతురు మైనా ఉంది. డ్రైవరు లేడు. విశాఖ నుంచి చెన్నై దాకా ఆ రోడ్డు మీద డ్రైవరున్న బండి కనిపించి పదేళ్ళయింది. బళ్ళన్నీ తెల్లగీతలు చూసుకుంటూ వాటంతట అవే నడుస్తాయి.

దేముడమ్మ చేతిలోని చేపల బుట్ట పడేసి, డాబా దిగి పరుగెత్తింది. కాళ్ళు ఇసుకలో కూరుకుపోతున్నాయి. పరుగెత్తుతూనే ఫోను చేస్తే బస్సు హెల్ప్‌లైన్ గొంతు తీయగా పలికింది.

"మీ బస్సు సరైన దారిలోనే ఉందండీ."

"సరైన దారా? నీ నోట్లో మన్నడ! ఎదర సముద్రమే!"

బస్సు అలలకు పదడుగుల దూరంలో ఠక్కున ఆగింది. తలుపు తెరుచుకుంది. దేముడమ్మ పిల్లను లాక్కుని గుండెకు హత్తుకుంది. అప్పుడు చూసింది, చక్రాల పక్కన ఒక తెల్లగీత. హైవే దగ్గర మొదలై సరిగ్గా అక్కడ ఆగిపోయింది.

వెనక మామ కారయ్య నిలబడి ఉన్నాడు. చేతులు మోచేతుల దాకా తెల్లగా ఉన్నాయి.

"ఎవులు గీసినారు మావా ఇది?"

"నేనేనే అమ్మా. ఎండబెట్టిన మన చేపలు పక్కింటి పోలమ్మోలి చేపల్లో కలిసిపోతన్నాయని, హైవే కాడి నుంచి సున్నంతో హద్దు గీసుకొచ్చినాను. నీళ్ళ దాకా గీసీదామనే అనుకున్నాను. సగం సున్నం నువ్వు గోడకేసీసినావని తిట్టుకుంటా ఇక్కడ ఆపీసినాను."