అల్లుడుగారి కుర్చీ

అంజిబాబు చీలమండ బత్తాయికాయంత వాచింది.

పలివెలకి మిగిలిన ఆఖరి బ్యాట్స్‌మన్ అతనే. ఇంకా తొమ్మిది పరుగులు కావాలి. ఉన్నది ఒక్క ఓవరు.

అవతలి ఎండ్‌లో ఆడుతున్న కెప్టెన్ శివనాగరాజు గట్టు దగ్గరికి వచ్చి బ్యాటు మీద వాలి నిలబడ్డాడు. వరుసగా రెండేళ్లు కొత్తపేటే గెలిచింది. ఈసారీ గెలిస్తే కప్పు ఇక తిరిగి ఇవ్వక్కర్లేదు, శాశ్వతంగా వాళ్లదే.

"పోనీ, నేను దిగనా?"

అడిగింది రమణ. గట్టు మీద కుర్చీలో జరీపంచెతో కూర్చున్నాడు. శివనాగరాజుకి కొత్త బావ. ఐనవిల్లి కుర్రాడు, మస్కట్‌లో స్టోర్స్ సూపర్‌వైజరు. పెళ్లయి ఇంకా నెల కాలేదు.

శివనాగరాజు మొహంలో కాస్త వెలుగొచ్చింది. ఆడటం వచ్చా అని అడిగాడు.

"ఏదో, కొద్దిగా వచ్చులే."

అంపైరుగా ఉన్న సుబ్రహ్మణ్యేశ్వరరావు మేష్టారు రూలు చెప్పేశారు. ఈ టోర్నమెంటులో ఊరి అల్లుడు ఊరి ఆటగాడే. దెబ్బ తగిలినవాడి బదులు దిగొచ్చు.

రమణ పంచె ఎగ్గట్టి లేచాడు.

కొత్తపేట కెప్టెన్ సింహాద్రి పరుగున వచ్చాడు. అభ్యంతరం చెబుతాడని అందరూ అనుకున్నారు. చెప్పలేదు. రమణని ఎగాదిగా చూసి, తిన్నగా అతని మామగారు బాపిరాజు దగ్గరికి వెళ్లి చేతులు కట్టుకున్నాడు.

"రూలు ప్రకారం దింపొచ్చండి, కాదన్ను. కాకపోతే కొత్త అల్లుడుగారండి. మావాడి బంతి ఏ మూతికో తగిలిందనుకోండి, పలివెలవాళ్లు అల్లుణ్ణి పిలిచి మరీ పళ్లు రాలగొట్టించేరంటారండి జనం."

బాపిరాజు గబుక్కున అల్లుడి వైపు తిరిగారు. ఆయనింట్లో కొత్త అల్లుడు మంచినీళ్ల గ్లాసు కూడా తనంతట తాను ముంచుకోకూడదు. పైగా వియ్యపురాలి నోరు ఎలాంటిదో పెళ్లి పందిట్లోనే తెలిసొచ్చింది.

"మీరు కూర్చోండి అల్లుడుగారూ."

"పర్లేదు మావయ్యగారూ, ఒక్క ఓవరే కదండీ."

"ఆయ్, కూర్చోండి."

పెద్దాయన మాట తీసెయ్యలేక రమణ కూర్చున్నాడు. సింహాద్రి స్వయంగా కుర్చీని నీడలోకి జరిపించాడు. బొండాం కొట్టించి అతని చేతిలో పెట్టించాడు. అవతలి జట్టువాడికి కూడా ఎంత మర్యాద తెలుసో అని బాపిరాజు మురిసిపోయారు.

అంజిబాబు కుంటుకుంటూ దిగాడు. మొదటి బంతికే బెయిల్స్ ఎగిరిపోయాయి.

కొత్తపేటవాళ్ల డప్పులు మోగుతుండగా రమణ భార్య దుర్గాశ్రీ జంతికల డబ్బాతో వచ్చింది. సంగతి విని, భర్త నలగని పంచె వంక, తమ్ముడి మొహం వంక మార్చి మార్చి చూసింది.

"మీ బావ ఉండగా ఎలా ఓడిపోయేర్రా?"

బావగారు దిగలేదన్నాడు శివనాగరాజు. ఎవరు ఆపారని అడిగింది. తమ్ముడు తండ్రిని చూశాడు. తండ్రి కొబ్బరిచెట్లని చూశారు.

"సంబంధం మాట్లాడినప్పుడు ఎకరాలు అడిగేరు, వీసా అడిగేరు. మనిషికి ఏం వచ్చో ఒక్కరైనా అడిగేరా నాన్నగారూ? చెబుదామంటే ఈయనేమో, కోతలు కోసినట్టుంటుంది వద్దంటారు."

బాపిరాజు అల్లుడి వంక కొత్తగా చూశారు.

ఇంతలో సింహాద్రి వచ్చాడు. చంకలో కప్పు. చేతిలో బ్యాటూ పెన్నూ. రమణ ముందు వంగి నిలబడ్డాడు.

"దీనిమీద ఒక్క సంతకం పెట్టండి సార్. స్పిన్ పడిందంటే మోకాలు నేలకి ఆనించి, వికెట్ల వెనక్కి తిప్పి కొడతారు చూడండి, ఆ షాటు కోసం మస్కట్‌లో డ్యూటీ ఎగ్గొట్టి వచ్చేవాణ్ణండి. ఇవాళ నా దగ్గర మిగిలింది స్పిన్నరు ఓవరేనండి. ఏం చెయ్యనండి మరి."

రమణ పగలబడి నవ్వి సంతకం పెట్టాడు.

శివనాగరాజుకి ఏమీ అర్థం కాలేదు. అక్క వంక చూశాడు. ఆమె నవ్వు ఆపుకుంటూ సింహాద్రి వైపు వేలు చూపించింది.

"దొంగ దొరికాడండి నాన్నగారూ. ఒమన్ దేశం జట్టుకి ఓపెనింగ్ ఆడే మీ అల్లుణ్ణి, మీచేతే కుర్చీలో కూర్చోబెట్టించింది ఈ సింహాద్రేనండి."