వంతెన దగ్గర రెండు అంబులెన్సులు

“నలభయ్యేళ్లు లారీ తోలాను, ఎవుడికీ దారివ్వనేదు” అనేది గవరయ్య గొప్ప. ఇప్పుడు డ్రైవర్లే లేరు. ఎర్రదీపం కనబడితే చాలు, బండ్లు వాటంతటవే తప్పుకుంటాయి.

పాము కరిచిన గవరయ్య అంబులెన్సులో ఆసుపత్రికి పోతుంటే, ఇరుకు వంతెనకు అవతల, ఇటువైపున్న కాన్పుల ఆసుపత్రికి పోయే మరో అంబులెన్సు ఎదురొచ్చింది. రెండూ ఒకదానికొకటి దారిచ్చి, మర్యాదగా ఆగిపోయాయి.

“ఓరయ్యా, కోడలికి నొప్పులొచ్చేత్తన్నాయిరా!” అవతలి బండిలోంచి ఓ ముసలమ్మ అరిచింది.

“నన్ను పాము కరిసిందప్పా!” అక్కకు చెప్పుకున్నట్టు అరిచాడు గవరయ్య.

“అయ్యో, అలాగైతే నువ్వే ఎల్లు నాయనా!”

ఆ మాటకు గవరయ్య కుంటుతూ దిగి, తన బండి ఎర్రదీపం మీద తువ్వాలు కప్పాడు. “ఇప్పుడు నాది మామూలు బండే అప్పా. కదులు!”

అవతలి అంబులెన్సు వెంటనే కదిలి, వంతెన దాటిపోయింది.

ఆసుపత్రి చేరాక ముసలమ్మకు మనవరాలు పుట్టింది. గవరయ్యా బతికాడు. పాము మాత్రం కథ చెప్పే నా కల్పన లెండి, కరిచింది జెర్రి.