చొక్కా పైవైపుకే రావాలి

“ఇది పైకి పనికిరాదు పెద్దమ్మా. లోపల వేస్తాను” అంది సంచులామె, చొక్కాను కిటికీ వెలుతురుకు ఎత్తి పట్టుకుని.

ఎదురుగా కుర్చీలో కూర్చున్న ముసలావిడ తల అడ్డంగా ఊపింది. “కాదు తల్లీ. చొక్కానే పైకి కనపడాలి.”

సంచులామెకు ఇలాంటి పట్టుదలలు కొత్త కాదు. పాత బట్టలతో సంచులు కుట్టడం మొదలుపెట్టినప్పుడు చిరిగిన ప్యాంట్లు, పొట్టయిపోయిన గౌన్లు వచ్చేవి. ఆ తర్వాత ఎవరో పోయిన తండ్రి కోటు తెచ్చి కుట్టించుకున్నారు. అంతే, అప్పటినుంచి ఆ వీధిలో ఎవరు కన్నుమూసినా వాళ్ళ బట్టలు ఈమె గడప తొక్కాల్సిందే. “మనింట్లో బతికున్నవాళ్ళకంటే పోయినవాళ్ళే ఎక్కువయ్యారు. కుర్చీ ఖాళీగా ఉందో లేదో అడిగి కూర్చోవాల్సొస్తోంది” అని మొగుడు దెప్పుతుంటాడు. ఆమె నవ్వేస్తుంది. కానీ ఒంటరిగా మిషను తొక్కుతున్నప్పుడు వెనకాల ఎవరో నిలబడ్డట్టు అనిపించడం మాత్రం నిజం. ఆ మాట మొగుడికి ఎప్పుడూ చెప్పలేదు.

“గుడ్డలో సత్తువ లేదు, చూడండి. నీళ్ళలో నాని నాని బిరుసెక్కింది. మీరు తెచ్చిన దుప్పటి గట్టిగా ఉంది. అది పైకి, ఇది లోపలికి. ఎవరు కుట్టినా అంతే. చొక్కా పైకేస్తే ఏడాది కూడా ఆగదు.”

“పెట్టెలోకి ఓసారి వాననీళ్ళు దిగాయిలే. ఆగకపోయినా ఫర్లేదు. ఒక్కసారి చూస్తే చాలు.”

“ఎవరు చూడాలి?”

“నా కోడలు. చొక్కా నా కొడుకుది.”

సంచులామె గొంతు తగ్గించింది. “పోయి ఎన్నాళ్ళయింది?”

“ఓ రోజు పొద్దున పనికని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు. ఆరేళ్ళయింది.”

సంచులామె చొక్కాను మెల్లగా బల్లమీద పెట్టేసింది. పోయినవాళ్ళ బట్టలు కొయ్యడం వేరు. రేపో మాపో తలుపు తట్టగలవాడి చొక్కా కొయ్యడం వేరు.

“మరి మీ కోడలు ఏమంటుంది?”

“ఏమంటుంది, ఎదురుచూస్తుంది. ఇప్పటికీ వారం వారం వాడి చొక్కాలన్నీ దించి, ఇస్త్రీ చేసి మళ్ళీ తగిలిస్తుంది. ఏ ఒక్కటి కదిలినా పట్టేస్తుంది. ఇదొక్కటే నా పెట్టెలో ఉండిపోయింది.” ముసలావిడ కాసేపు ఊపిరి కూడదీసుకుంది. “మొదట్లో పుట్టింటికి పోతానంది. వాడొస్తాడు, ఇవాళ కాకపోతే రేపొస్తాడు అని నేనే ఆపాను. అది వెళ్ళిపోతే నాకెవరున్నారు చెప్పు? ఇప్పుడు నా సంగతి డాక్టరు తేల్చేశాడు. నేను పోయాక ఆ గుమ్మం చూస్తూ ఒక్కతే ముసలిదైపోతుంది. వాడిక రాడని నమ్మాలి తల్లీ.”

“ఆ మాట మీరే చెప్పచ్చుగా?”

“నోరు రావడం లేదు. ఈ సంచి చూస్తే నమ్ముతుంది. కోడలినే పంపిస్తాను, నువ్వే చేతికివ్వు.”

గోడ పట్టుకుని ఆవిడ మెట్లు దిగుతుంటే సంచులామె గుమ్మంలో నిలబడి చూసింది. నిజమే, కన్నతల్లే కత్తెర పెట్టించిందంటే ఇక ఏ ఆశ పెట్టుకుని కూర్చుంటుంది ఆ పిల్ల?

అయినా కత్తెర ఆడలేదు. చొక్కా బల్లమీదే పడి ఉంది. “పుణ్యానికి పోతే పాపం ఎదురైనట్టు, నేను కోసిన మర్నాడే ఆ మనిషి నిక్షేపంలా దిగబడితే?” అని మొగుడిని అడిగింది.

“దిగబడితే అదే సంచి పట్టుకుని కూరగాయలకు వెళ్తాడు. కొయ్యి” అన్నాడతను.

ఈసారి ఆమెకు నవ్వు రాలేదు.

కోసింది. కుట్టు విప్పినచోటల్లా సన్నటి బూడిదరంగు మన్ను రాలింది. తుడిచిన చోటే మళ్ళీ రాలింది. మెట్లమీద మగ దగ్గు వినిపిస్తే కత్తెర వదిలేసి గుమ్మంలోకి పరుగెత్తింది. చూస్తే పై వాటావాడు. జేబు మూలన హడావుడిగా ఎవరో వేసిన కుట్లున్నాయి, ఒకటి పెద్దది, ఒకటి చిన్నది, దారం రంగు కూడా కలవలేదు. ఇంకొకరి చేతికుట్టు విప్పే అలవాటు ఆమెకు లేదు. ఆ జేబును అలాగే సంచికి నట్టనడుమ పెట్టి, పైవైపే కుట్టింది.

కోడలు సాయంత్రం వచ్చింది. కుర్చీని గుమ్మం కనపడేలా తిప్పుకుని కూర్చుంది. “అత్తయ్య మీ దగ్గర ఏదో తీసుకురమ్మన్నారు అక్కా.”

ముందే అనుకుని పెట్టుకున్న మాటలన్నీ సంచులామె మరిచిపోయింది. “అత్తగారిని తప్పుపట్టకమ్మా. నీ మంచికోరే కుట్టించింది” అంటూ సంచి ఒళ్ళో పెట్టింది.

ఆమె వేళ్ళు గుడ్డమీద తడుముతూ వెళ్ళి జేబు దగ్గర ఆగాయి.

“ఈ కుట్లు నావే.”

“అందుకే ముట్టుకోలేదమ్మా.”

“పని వేళయిపోతోంది, విప్పే టైం లేదన్నారు. ఒంటిమీదుండగానే కుట్టాను. కదలొద్దంటే వినరు. సూది గుచ్చుకుంటే నవ్వారు” అంటూ ఆమె కూడా కొంచెం నవ్వింది.

తట్టుకుంటోంది, గండం గడిచినట్టే అనుకుంది సంచులామె.

“ఇది అత్తయ్యకు ఎక్కడ దొరికింది అక్కా?”

“ఆవిడ పెట్టెలోనే ఉండిపోయిందట కదమ్మా, ఇన్నాళ్ళూ.”

కోడలి చూపు గుమ్మం మీదినుంచి మళ్ళింది.

“ఆ రోజు ఆయన వేసుకుని వెళ్ళింది ఈ చొక్కానే.”