వదిలిన వరుస

టైపిస్టుకు పగలంతా ఆఫీసు టకటకలతోనే సరిపోయేది. రాత్రి మాత్రం తన సరదా కోసం, ఇంకు పెన్నుతో, ఒక నోటుపుస్తకంలో ముత్యాల్లాంటి అక్షరాలు రాసుకునేది. ఒక వరుస రాసి, కింద ఒక వరుస వదిలేది. ఆ వరుసలో కూతురు పెన్సిల్‌తో చూసి రాసేది. పిల్ల పోయి ఏడాదైంది. సరదా కూడా దానితోనే పోయింది. వరుస వదిలే అలవాటు ఒక్కటే మిగిలింది.

ఆ రాత్రి “వాన వెలిసింది” అని రాసి పెన్ను ఎత్తింది. కాగితం మీద గీకుతున్న చప్పుడు మాత్రం ఆగలేదు.

“ఇంకా ఏం రాస్తావే? ఆ గీకుడికి నిద్ర పట్టి చావట్లేదు,” అన్నాడు పక్క గదిలోంచి భర్త.

“నేను ఆపేశానండీ.”

“మరి ఆ చప్పుడేంటి?”

చప్పుడు ఆగిపోయింది.

భయంభయంగా పుస్తకంలోకి చూసింది. తను వదిలిన వరుస ఖాళీగానే ఉంది. హమ్మయ్య అనుకుని పేజీ తిప్పింది.

కొత్త పేజీలో మొదటి వరుస నిండి ఉంది. కాగితం చిరిగేంత ఒత్తి రాసిన పెన్సిల్ అక్షరాలు. అచ్చం పిల్లవే.

“ఇక్కడ నాకెవరూ లేరు.”

దాని కింద ఒక వరుస వదిలి ఉంది.

ఆమె కళ్ళు తుడుచుకుంది. పెన్ను పక్కన పెట్టి, సొరుగులోంచి పొట్టి పెన్సిల్ తీసి, చూసి రాయడం మొదలుపెట్టింది.