చెవిలో పూస

నా కూతురు కస్తూరి చదువుకి బయల్దేరుతున్న మా మనవరాలి సంచిలో ఉసిరి పచ్చడి సీసా సర్దుతోంది. బిజినెస్ ఇంగ్లీషు పై మెట్టు చదివే పిల్లలకి యూనివర్సిటీవాళ్లు చెవిలో పూసంత యంత్రం పెడతారు. పరీక్షలయ్యేదాకా తీయరు. ఎవరు ఏ భాషలో మాట్లాడినా వాళ్లకి ఆఫీసు ఇంగ్లీషుగానే వినిపిస్తుంది.

"ఏమే మంజీరా, నేను తిడితే ఎట్టా వినపడుద్దే?"

"నీ సలహాకి ధన్యవాదాలు చెప్పాలనిపించేట్టు వినపడుద్దమ్మా!"

తల్లీకూతుళ్లు పడీపడీ నవ్వారు.

కార్తీకంలో కస్తూరికి గుండెనొప్పి వచ్చింది. మంజీరకి ఫోన్ చేశాను.

"మీ అమ్మ బతికేట్టు లేదే! ఉన్నపళంగా రా!"

పూస తనకి ఏం చెబుతోందో నా ఫోన్ మీద అక్షరాలుగా పడుతోంది. మందుల అట్టలు చూసి నాకు నేనే ఇంగ్లీషు చదవడం నేర్చుకున్నాను. అమ్మ ఆరోగ్యం కాస్త ఇబ్బందిగా ఉందనీ, వీలు చూసుకుని రావడం గురించి ఆలోచించమనీ ఉంది.

"వీలు కాదే, ఇప్పుడే!" అని అరిచాను. నేను అరిచినకొద్దీ అది ఇంకా మెత్తబడింది. చివర 'దయచేసి' కూడా చేర్చింది. రాసి పంపినా పూస దాన్నీ ఇంగ్లీషులోకి మార్చేసింది, అదే మర్యాద.

"సరే అమ్మమ్మా, పరీక్షలవగానే వస్తా. అమ్మని కంగారుపడొద్దని చెప్పు," అంది మంజీర ప్రశాంతంగా.

మంచం మీంచి కస్తూరి నా కొంగు పట్టుకుంది. "ఏమంటందమ్మా? వస్తందా?"

"బయల్దేరిందే," అన్నాను.

మంజీర పరీక్షలు రాసి మాఘంలో ఇంటికి వచ్చింది. కస్తూరి కార్తీక పౌర్ణమి నాడు ఆసుపత్రికి వెళ్లింది. తిరిగి రాలేదు.